నా మొహం, ఆవిడ గొంతు

పోయిన నెలలో పటమట రైతుబజారులో బీరకాయలు ఏరుకుంటూ ఉంటే ఒకావిడ నా పక్కన నిలబడి, నా సంచీ వంకా మొహం వంకా మార్చి మార్చి చూసి, మీరు చిన్నప్పుడు టీవీలో వేశారు కదండీ అని అడిగింది. ఇలా అడిగేవాళ్ళు ఈ మధ్య బాగా తగ్గిపోయారు. ఉన్న కొద్దిమందికీ కళ్ళద్దాల నంబరు పెరిగింది. అవునండీ అని, ఆ తర్వాత ఆవిడ మొహంలో రాబోయే మార్పు కోసం ఎదురుచూశాను. ఎందుకంటే నా మొహం గుర్తుపట్టినవాళ్ళంతా నేను నోరు తెరిచి ఒక మాట అనగానే పొరబడ్డామేమోనని వెనక్కి తగ్గడం నాకు నలభై ఏళ్ళుగా అలవాటే. ఈవిడ మాత్రం తగ్గలేదు. పైగా చనువుగా నా చెయ్యి పట్టుకుంది.

"అందులో మీకు డబ్బింగు చెప్పింది మా అత్తగారేనండీ. మైలవరంలో మా దగ్గరే ఉంటారు. మీరంటే ఆవిడకి ప్రాణమండీ బాబూ!"

చేతిలో ఉన్న బీరకాయ చేదో కాదో కొరికి చూడకుండానే సంచీలో వేసుకుని ఇంటికి వచ్చేశాను. అది చేదే అయింది.

నా ఈడువాళ్ళకు ఆ సీరియల్ గుర్తుండే ఉంటుంది. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే మళ్ళీ అది తీసినవాళ్ళకే పేరు వస్తుంది, ఇప్పటిదాకా వచ్చింది చాలు. కాలవ గట్టు మీద పూరింట్లో తండ్రీ కూతుళ్ళు ఉంటారు, తండ్రి అప్పుల బాధ పడలేక పిల్లను మేనత్త దగ్గర వదిలి పడవెక్కి వెళ్ళిపోతాడు, పిల్ల గట్టు వెంట పరుగెడుతూ నాన్నా అని పిలుస్తుంది. వారానికొకసారి సాయంత్రం వచ్చేది. ఆ పిలుపుకు ఏడవని ఆడవాళ్ళు కృష్ణా జిల్లాలో లేరని అప్పట్లో అనేవారు. ఆ పిల్లను నేనే.

మాది వన్ టౌన్‌లో చేనేత బట్టల కొట్టు. తాతగారి కాలం దాకా మగ్గం, నాన్న కాలం నుంచి వ్యాపారం. కింద చిన్న కొట్టు, వెనక మేముండే ఇల్లు, పైన సరుకు పెట్టుకునే గొడౌను, దానికి నిటారుగా ఉండే చెక్కమెట్లు. నాన్న పొద్దస్తమానం ఆ పైనే బట్టల బేళ్ళు విప్పించుకుంటూ ఉండేవాడు. మధ్యాహ్నం అన్నానికి ఆయన్ని పిలవడం నా పని. పిలవడమంటే మామూలు పిలుపా? సందులో తోపుడు బళ్ళవాళ్ళ కేకలు, రిక్షాల గంటలు, ఎదుటి కొట్లో ఇత్తడి సామాను మోత, ఇవన్నీ దాటి నా గొంతు పైకి వెళ్ళాలి. మెట్ల కింద నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, నాన్నా అని అరిచేదాన్ని. మొదట సన్నగా ఎత్తుకుని, చివరికొచ్చేసరికి పగిలిపోయే అరుపు. ఆ అరుపులకే నా గొంతు ఆ వయసులోనే బొంగురుపోయిందని నాయనమ్మ అనేది. మిరియాల పాలు ఎన్ని తాగించినా బాగుపడలేదు.

ఆ సీరియల్ డైరెక్టరు మా కొట్టుకు వచ్చింది పిల్ల కోసం కాదు, వేషాలకు కావలసిన నేత పంచెలూ, పరికిణీ గుడ్డలూ కొనడానికి. ఆయన పంచె అంచు చూస్తూ ఉండగా నేను వెనక నుంచి వచ్చి మెట్ల కింద నిలబడి పిలిచాను. ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోమని మనవి. నా అరుపు విని తిరిగి చూడబట్టే ఆయనకు నేను కనబడ్డాను. ఆ మనిషే తర్వాత నా గొంతు పనికిరాదన్నాడు.

వేసవి సెలవుల్లో షూటింగు. నాకు ఎనిమిదేళ్ళు. ముందురోజు తెచ్చిచ్చిన కాగితంలో నా డైలాగులు అమ్మ చదివి చెప్పేది, నాయనమ్మ అలవాటు మానలేక రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టుకుంటూ నాచేత వల్లె వేయించేది. ఒక్క మాట జారినా రాట్నం ఆపేసి మళ్ళీ మొదటి నుంచి చెప్పమనేది. అంత కష్టపడి నేర్చుకుని కాలవ గట్టుకు వెళ్తే, అక్కడ నా తెర నాన్నకు, అంటే నాన్న వేషం వేసిన పెద్ద నటుడికి, ఒక్క ముక్కా వచ్చేది కాదు. ఆ రోజుల్లో మాటలు తర్వాత మద్రాసులో స్టూడియోలో కూర్చుని విడిగా చెప్పించుకునేవారు గనుక, షూటింగులో డైలాగు గుర్తురానివాళ్ళు పెదవులు కదలడం కోసం ఊరికే అంకెలు లెక్కపెట్టేవారు. కెమెరాకు పెదవులు కదిలితే చాలు. మీరు చూసి ఏడ్చిన ఆ వీడ్కోలు సీనులో ఆయన నా తల నిమురుతూ, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, గద్గదంగా అన్నది ఏమిటో తెలుసా?

"ముప్పై ఒకటీ... ముప్పై రెండూ... ముప్పై మూడమ్మా!"

ఆ 'అమ్మా' ఒక్కటే ఆయన కవిత్వం. ఆ లెక్క వింటూ నేను వెళ్ళొద్దు నాన్నా, నేను అల్లరి చేయను, అత్త దగ్గర వద్దు అని, రాసిచ్చినదంతా అక్షరం పోకుండా చెప్పి ఏడవాలి. చెప్పాను, ఏడ్చాను కూడా. నువ్వూ లెక్కపెట్టుకోవే పిల్లా, ఇంత అవస్థ దేనికి అని ఆయనే నవ్వుతూ అన్నాడు. నేను లెక్కపెట్టలేదు. నాయనమ్మ రాట్నం నా చెవిలో తిరుగుతూ ఉండేది.

ఆ సీను చివర పిలుపు మాత్రం నాకెంతకీ రాలేదు. ఎండలో పడవ రెండుసార్లు వెనక్కి తీసుకొచ్చారు. ఆ రోజు నన్ను దింపడానికి వచ్చిన మా నాన్న గట్టు మీద జనంలో నిలబడి ఉన్నాడు. కొట్టు వదిలి వచ్చాడేమో, ఇక ఉండలేక బస్సు కోసం రోడ్డు వైపు నడవడం మొదలుపెట్టాడు. పడవ ఎటు పోయిందో నాకు గుర్తులేదు గాని నాన్న వీపు మాత్రం గుర్తుంది. నన్ను ఆ ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య వదిలి వెళ్ళిపోతున్నాడని మెట్ల కింద నిలబడి అరిచినట్టే అరిచాను. కట్ చెప్పాక డైరెక్టరు వచ్చి నా బుగ్గ గిల్లి, పక్కవాళ్ళతో అన్న మాట నేను వినలేదనుకున్నాడు.

"మొహం చిలక, గొంతు కాకి. ఏం చేస్తాం, మద్రాసులో చూసుకుందాం."

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరుసగా చెప్పగలను. నీకు అన్నం అరుగుతుంది గాని మాట అరగదే అని అమ్మ జీవితాంతం నన్ను తిట్టింది. నిజమే, అరగలేదు.

మొదటిసారి టీవీలో వచ్చిన రోజు మా సందు సందంతా మూల ఇంట్లో చేరింది, ఎందుకంటే అప్పటికి టీవీ ఉన్నది వాళ్ళకే. నన్ను అందరికంటే ముందు పీట వేసి కూర్చోబెట్టారు. తెర మీద నేను కనబడగానే పిల్లలు కేకలు పెట్టారు. తర్వాత తెర మీద నేను నోరు తెరిచాను. తేనెలో ముంచిన ముద్దు గొంతు ఒకటి వచ్చింది. నాది కాదు. తర్వాత ఆ ఇంటావిడ ఎంత బాగా చెప్పావమ్మా అంది, మాటవరసకు. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నేను రాట్నం ముందు కూర్చుని నేర్చుకున్న ప్రతి మాటా ఇంకెవరో పలుకుతూ ఉంటే నా పెదవులు ఊరికే కదులుతున్నాయి. అంకెలు లెక్కపెట్టినవాడికీ అక్షరం పొల్లుపోకుండా చెప్పినదానికీ తేడా లేకుండా పోయింది. ఆయనకైనా తన గొంతు తనకు మిగిలింది, మద్రాసు వెళ్ళి తనే చెప్పుకున్నాడు గదా!

పడవ సీను వచ్చిన వారం పిల్ల గట్టు వెంట పరుగెత్తి పిలిచింది. అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి ఉన్న మా నాన్న ఒక్క ఉదుటున ముందుకొచ్చి, అదిగో, అది మా అమ్మాయే, ఆ పిలుపు మా అమ్మాయిదే అన్నాడు. ఎదుటి ఇత్తడి కొట్టు బాబాయి ఊరుకునే రకం కాదు.

"మరి మిగతా మాటలన్నీ ఎవరివి అన్నయ్యా? పోనీ ఆ పడవైనా మీదేనా?"

ఇల్లంతా గొల్లుమంది. నాన్న నవ్వలేదు. రోజూ అన్నానికి పిలిచే పిలుపు నాకు తెలియదా అన్నాడు. అప్పటి నుంచి ఆ సీను ఎక్కడ వచ్చినా, ఎన్నిసార్లు మళ్ళీ వేసినా, ఆ ఒక్క చోట ఆయన వేలెత్తి చూపించేవాడు. జనం నవ్వేవారు. నేను తల దించుకునేదాన్ని. నా గొంతు బయట నుంచి ఎలా వినబడుతుందో నాకే తెలియదు గనుక, నన్ను ఊరడించడానికి అలా అంటున్నాడనుకున్నాను. ఊరడింపు కూడా నాకు అవమానంగానే ఉండేది. ఆ తర్వాత ఆ సీను వస్తే లేచి వెళ్ళిపోవడం అలవాటు చేసుకున్నాను.

ఆ పైన జరిగినదంతా ఒకే రంగు. స్కూల్లో వార్షికోత్సవానికి స్టేజి ఎక్కించి డైలాగు చెప్పమన్నారు, చెప్పాను. మైకులో నా గొంతు వినగానే మూడో వరసలో ఎవరో డూపే, ఇది డూపు అని అరిచారు, పెద్ద టీచరు నా చేతిలో మైకు తీసుకుని నవ్వుతూ వేరే పిల్లను పాటకు పిలిచింది. ఊళ్ళో సన్మానం జరిగితే శాలువా డైరెక్టరుకు, పూలదండ తెర నాన్నకు, నాకు ఒక బిస్కట్ పొట్లం. తర్వాత ఇంకో రెండు సీరియళ్ళు వేశాను, వాటిలోనూ గొంతు ఎవరిదో. పొడుగు పెరిగాక పిలుపులు ఆగిపోయాయి. పదమూడో ఏట ఒకరు కబురు పెట్టారు, మంచి పాత్ర, సీరియల్ మొత్తం ఉంటుంది అన్నారు. తీరా చూస్తే మూగపిల్ల వేషం. మాట చెప్పించే ఖర్చు కూడా ఉండదు కదా అని ఆ వచ్చినతను నాన్నతో చనువుగా అన్నాడు. వెయ్యనన్నాను. అమ్మ బతిమాలింది, మేనత్తలు చీవాట్లు పెట్టారు, వచ్చిన అదృష్టాన్ని కాలితో తన్నావన్నారు. నాన్న మాత్రం అతన్ని వీధి గుమ్మం దాకా సాగనంపి వచ్చాడు. అక్కడితో నా నటన అయిపోయింది. పెళ్ళయ్యాక కాపురం పటమటలో పెట్టినా, నాన్నకు చేతగాకుండా పోయిన దగ్గర్నుంచి కొట్టు నేనే చూసుకుంటున్నాను. ఇన్నేళ్ళూ రండమ్మా, లోపలికి రండి అని పిలిచింది ఈ కాకి గొంతుతోనే, చీరలు అమ్మిందీ ఈ గొంతుతోనే. ఒక్కరూ వద్దనలేదు.

రైతుబజారులో ఆ కోడలు తన నంబరు ఇచ్చింది. వెళ్ళకూడదనుకున్నాను. రెండు వారాలు వెళ్ళలేదు కూడా. కాని ఆ అత్తగారితో అనవలసిన మాటలు నలభై ఏళ్ళుగా నా దగ్గర మురిగిపోతున్నాయి. అవి అనకుండా ఆవిడ పోయినా, నేను పోయినా నష్టం నాకే అనిపించి, ఒక ఆదివారం మైలవరం బస్సెక్కాను. ఆడవాళ్ళకు టికెట్టు లేదన్న మాటే గాని సీటూ లేదు. దారి పొడుగునా నిలబడి, అనవలసినవి మనసులో ఒకసారి వల్లె వేసుకున్నాను. ఆ అలవాటు మాత్రం పోలేదు.

ఇల్లు కనుక్కుని తలుపు కొట్టాను. లోపల నుంచి, ఎవరూ, అని ఒక చిన్నపిల్ల అడిగింది. అది నా ఎనిమిదేళ్ళ గొంతు. అంటే, లోకం నాదనుకున్న గొంతు. తలుపు తీసింది డెబ్భై దాటిన మనిషి. ముగ్గుబుట్ట తల, పై వరసలో పళ్ళు లేవు, మోకాళ్ళకు కట్లు. నోరు తెరిస్తే మాత్రం ఎనిమిదేళ్ళు. నన్ను ఎగాదిగా చూసి, చేతులు చాపి, పక్కకు తిరిగి ఏడ్చింది. ఆ ఏడుపు కూడా పిల్ల ఏడుపే. మంచం మీద కూర్చోబెట్టి తన బాధే ముందు మొదలుపెట్టింది.

"ఏం చెప్పమంటావమ్మా! కొరియరబ్బాయి ఫోను చేసి, పాపా, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఇవ్వమ్మా అంటాడు. బ్యాంకువాళ్ళు నేను నేనేనంటే నమ్మరు. మా ఆయన పోయినప్పుడు నేను ఏడుస్తుంటే పక్కవీధి వాళ్ళు ఎవరి పిల్లో తప్పిపోయిందనుకున్నారు."

నేను నవ్వదలచుకోలేదు గాని నవ్వు వచ్చింది. దానితో నేను వల్లె వేసుకున్నవాటిలో సగం పోయాయి. మిగిలిన సగం గబగబా అనేశాను. నా గొంతు ఎందుకు తీసేశారండీ, రాట్నం ముందు కూర్చుని నేర్చుకున్నానండీ, ఒక్క అంకె చెప్పలేదండీ అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు.

"నేను తియ్యలేదు తల్లీ, నన్ను పెట్టారు. నువ్వు అంకెలు చెప్పలేదని నాకు చెప్తావా? చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి ముందు షూటింగులో మీరన్న మాటలే వినిపించేవాళ్ళు, అవి విని మేం చెప్పాలి. అందరివీ ఒకట్లూ రెళ్ళేనమ్మా, ఎక్కాల బడి! నువ్వొక్కత్తివే మాట చెప్పింది. ఎక్కడ గుటక వేశావో అక్కడ నేనూ గుటక వేశాను."

ఈ లోకంలో నా మాటలు విన్న మనిషి ఒకరున్నారని నాకు ఆ మంచం మీద తెలిసింది. ఆవిడ ఇంకా ఆగలేదు.

"ఆ పడవ సీనులో చంపుకుతిన్నారు నన్ను. పొద్దుట్నుంచీ మధ్యాహ్నం దాకా అరిపించారు. నాది ముద్దు గొంతే గాని, నాన్నని పిలుస్తున్న పిల్ల గొంతు కాలేదమ్మా. ఆఖరికి డైరెక్టరుగారికి విసుగొచ్చి, ఆ ఒక్క ముక్కా ఉన్నదున్నట్టు ఉంచెయ్యండయ్యా అన్నాడు."

"ఏ ముక్క?" అన్నాను.

"నాన్నా అని. అది నీదే కదే. నీకు తెలీదూ?"

కోడలు మజ్జిగ తెచ్చింది. తాగానో లేదో గుర్తులేదు. పెద్దావిడ తన ఫోనులో ఆ ముక్క పెట్టి చెవి దగ్గరకు తెచ్చింది. లేచి వెళ్ళిపోవడానికి అక్కడ దారి లేదు, విన్నాను. మొదట సన్నగా ఎత్తుకుని చివర పగిలిపోయింది. వెనక కాలవ గాలి ఉంది, ఎవరో దగ్గిన చప్పుడు కూడా ఉంది. స్టూడియోలో చెప్పిన మాటకు గాలి ఎక్కడిది? ఇన్నేళ్ళుగా అది అలాగే ఉంది. వినవలసినదాన్ని నేనే లేచి వెళ్ళిపోయాను.

నా ఫిర్యాదు అక్కడితో తీరిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అంత కష్టపడితే నాకు మిగిల్చింది ఒక్క మాటా? సరే, మిగిల్చారు. మిగిల్చినవాళ్ళలో ఒక్కరైనా మా కొట్టు మీదుగా పోతూ మా నాన్నతో చెప్పి ఉండకూడదా? మద్రాసు నుంచి ఒక కార్డు ముక్క ఖరీదు చేయడా మా నాన్న? ఆయన ఏ సాక్ష్యమూ లేకుండా, సందు సందంతా నవ్వుతూ ఉంటే, కూతురే తల దించుకుని వెళ్ళిపోతూ ఉంటే, పోయేదాకా అదే మాట మీద నిలబడ్డాడు. ఆఖరి రోజుల్లో మాట పడిపోయాక నా ఫోనులో ఆ సీను పెట్టమని సైగ చేసేవాడు. ఆ చోటు రాగానే వణికే వేలు పైకి లేచేది. నేను ఫోను ఆయన చేతికిచ్చి పక్కగదిలోకి వెళ్ళేదాన్ని.

వచ్చేటప్పుడు ఆవిడ గుమ్మం దాకా వచ్చి మళ్ళీ రమ్మంది. వస్తానన్నాను. వెళ్తానో లేదో తెలియదు. నిన్న మా అపార్టుమెంటు కింద పిల్లలు ఫోను గోడకు ఆనించి, ఎవరిదో గొంతుకు పెదవులు కదుపుతూ వీడియోలు తీసుకుంటున్నారు. ఆ గొంతు ఎవరిదమ్మా అంటే తెలియదాంటీ, ఎవరిదైతే ఏంటి అన్నారు. ఏ మాటా నేర్చుకోనక్కర్లేదు, ఏ మాటా పోగొట్టుకోనక్కర్లేదు. వాళ్ళకు ఏ బాధా లేదు. నేనే అపార్టుమెంటు మెట్ల మీద కూర్చుని చాలాసేపు చూశాను.

కొట్లో ఇప్పుడు పైకి చెక్కమెట్లు లేవు, సిమెంటు మెట్లు. పైన ఉన్న కుర్రవాళ్ళను పిలవాలంటే ఫోను చేస్తాం. వాళ్ళు పై నుంచి చీర ఫొటో పంపిస్తారు, ఇదేనా మేడం అని. ఎదుటి ఇత్తడి కొట్టు మొబైల్ కవర్ల కొట్టయింది, మోత లేదు. మైలవరం నుంచి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు లేచి వెళ్ళి మెట్ల కింద నిలబడ్డాను. అన్నం వేళ అది. చేతులు నోటి దాకా వచ్చాయి కూడా. ఇంత నిశ్శబ్దంలో అంత గట్టిగా అరవనక్కర్లేదు, మెల్లగా అన్నా పైదాకా వినబడుతుంది. ఇన్నాళ్ళకు ఆ పిలుపు నాదేనని తేలింది, పలకవలసిన మనిషి లేడు. చేతులు దించేసి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.